కౌమార విద్యార్థులకు లైంగిక విద్య: ఏడాదికొక ఉపన్యాసం స్థానంలో ఏం పెట్టాలి?

తరగతి_గది (ప్రశ్న)

11 నుంచి 15 ఏళ్ల పిల్లల కోసం లైంగిక విద్య ప్రణాళిక తయారుచేసే పని మా ఉపాధ్యాయుల బృందానికి వచ్చింది. ఇప్పటిదాకా ఉన్నది ఒకటే: ఏడాదికోసారి బయటి నుంచి డాక్టరుగారు వచ్చి గంటసేపు మాట్లాడటం. పునరుత్పత్తి అవయవాల బొమ్మలు, సుఖవ్యాధుల ఫొటోలు, చివర్లో "ఏమైనా సందేహాలున్నాయా?" అనే మాట. ఒక్క చెయ్యీ లేవదు.

ఇది చాలదని అందరం ఒప్పుకున్నాం. దీని స్థానంలో ఏం పెట్టాలన్న దగ్గర ఆగిపోయాం. ఎన్ని పీరియడ్లు కావాలి, ఏ వయసులో ఏది చెప్పాలి? ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ కలిపి కూర్చోబెట్టాలా, విడివిడిగానా? ప్రశ్నల పెట్టె పెడదామనుకుంటున్నాం, దాన్ని నడిపే పద్ధతేమిటి? ఫోన్ల విషయం ఎంతవరకు మాట్లాడాలి? "పిల్లల బుర్రలో లేని ఆలోచనలు మీరే పెడుతున్నారు" అనే తల్లిదండ్రులకు ఏం చెప్పాలి?

సిద్ధాంతం కన్నా తరగతిలో పనికొచ్చే వివరాలు కావాలండి.

పాఠ్య_ప్రణాళిక

తల్లిదండ్రుల ప్రశ్నతో మొదలుపెడతాను. దానికి మీ దగ్గర గట్టి జవాబు లేకపోతే మిగతాదంతా మొదటి సమావేశంలోనే ఆగిపోతుంది.

యునెస్కో 2009లో లైంగిక విద్యపై మార్గదర్శకాలు తెచ్చినప్పుడు 87 అధ్యయనాలను సమీక్షించారు. పిల్లలు ఏ వయసులో లైంగిక సంబంధాలు మొదలుపెట్టారన్నది కొలిచిన అధ్యయనాల్లో మూడో వంతుకు పైగా కార్యక్రమాలు ఆ వయసును ఆలస్యం చేశాయి. మిగతావాటిలో తేడా కనబడలేదు. త్వరపెట్టినది ఒక్కటీ లేదు. తల్లిదండ్రుల ముందు ఈ మూడు వాక్యాలూ ఇదే వరుసలో చెప్పండి, ఎందుకంటే వాళ్ల భయం సరిగ్గా ఆ మూడో వాక్యం గురించే. "పెళ్లిదాకా ఆగండి" అని మాత్రమే బోధించే కార్యక్రమాల మీద కూడా కొలతలున్నాయి. అమెరికా ప్రభుత్వం చేయించిన మూల్యాంకనం 2007లో వచ్చింది. అలాంటి నాలుగు కార్యక్రమాల్లో చదివిన పిల్లలకూ చదవని పిల్లలకూ సంబంధాలు మొదలుపెట్టిన వయసులో తేడా లేదని అందులో తేలింది.

ఇక ఈ విద్య పాత్ర మారిన తీరు. స్వీడన్ 1955లో దీన్ని బడుల్లో తప్పనిసరి చేసింది. అప్పటి ఉద్దేశం ఎక్కువగా అవాంఛిత గర్భాలు, సుఖవ్యాధులు. 1980ల తర్వాత హెచ్‌ఐవీ భయం చాలాచోట్ల దాన్ని రోగనివారణ పాఠంగా మార్చేసింది. మీ డాక్టరుగారు చూపించే ఫొటోలు ఆ కాలపు వారసత్వమే. 2018లో సవరించిన యునెస్కో మార్గదర్శకాల్లో ఎనిమిది ప్రధాన అంశాలున్నాయి. సంబంధాలు, విలువలూ హక్కులూ, స్త్రీ పురుష పాత్రల అవగాహన, హింస నుంచి రక్షణ, ఆరోగ్యానికి కావలసిన నైపుణ్యాలు, జాబితాలో ఇవన్నీ అయ్యాక శరీరం, లైంగిక ప్రవర్తన, పునరుత్పత్తి ఆరోగ్యం వస్తాయి. ఆ వరుస నాకు చాలా సరైనదిగా అనిపిస్తుంది. ఇప్పటి పిల్లలకు సమాచారం కరువు లేదు, ఫోన్ నిండా ఉంది. అందులో ఏది నిజమో తేల్చుకోవడం, ఎదుటి మనిషితో మాట్లాడగలగడం, ఇబ్బంది వస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియడం, ఈ మూడూ ఫోన్ నేర్పదు. బడి పని అక్కడుంది.

వ్యాధుల ఫొటోలు ఎందుకు తీసేయాలో కూడా చెబుతాను. ఆ ఫొటోల్లో ఉండేది ముదిరిన దశ. నిజానికి ఈ సంక్రమణల్లో చాలావాటికి లక్షణాలే ఉండవు. క్లమీడియా సోకిన ఆడవాళ్లలో ఎక్కువమందికి, మగవాళ్లలో దాదాపు సగం మందికి ఏమీ తెలియదు. ఫొటో చూసిన పిల్లవాడు తన ఒంటి మీద అలాంటిది లేదు కాబట్టి తనకేమీ లేదనుకుంటాడు. భయపెట్టిన పాఠం తప్పుడు ధైర్యం ఇచ్చి పంపుతుంది.

పీరియడ్ల సంగతి: ఫలితం చూపించిన కార్యక్రమాల్లో కనీసం 12 తరగతులు, ఒక్కొక్కటి దాదాపు 50 నిమిషాలు, అదీ ఏళ్ల తరబడి వరుసగా ఉన్నాయి. ఒక ఏడాదిలో పన్నెండూ కుదరకపోతే 11–12 ఏళ్లకు ఆరు, 13 ఏళ్లకు ఆరు, 14–15 ఏళ్లకు మరో ఎనిమిది అని పంచుకోండి. చిన్నవాళ్లకు శరీర మార్పులు రెండు, పరిశుభ్రత ఒకటి, స్నేహాలూ హద్దులూ రెండు, సాయం అడగడం ఒకటి. 13 ఏళ్లకు సమ్మతి, ఆన్‌లైన్ భద్రత, ఆకర్షణ, ఒత్తిడిని తట్టుకోవడం. పెద్దవాళ్లకు గర్భం ఎలా వస్తుంది, గర్భనిరోధకాలు, సంక్రమణలు, సంబంధంలో హింస గుర్తులు, అశ్లీల వీడియోలను విమర్శనాత్మకంగా చూడటం.

50 నిమిషాల్లో మీరు మాట్లాడేది 15 నిమిషాలు దాటకూడదు. 20 నిమిషాలు పిల్లలు చేసే పనికి, 10 నిమిషాలు ప్రశ్నల పెట్టెకు, మిగతాది మొదట్లో నియమాలు గుర్తుచేయడానికీ చివర్లో ఈ విషయంలో సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పడానికీ. సమయం చాలనప్పుడు అందరూ మొదట కోసేసేది ఆ 20 నిమిషాల్నే. అక్కడ కోస్తే మళ్లీ ఉపన్యాసమే మిగులుతుంది.

ఇంకొక్క విషయం వదలొద్దు. పరిశోధకురాలు నికోల్ హేబర్లాండ్ 2015లో 22 కార్యక్రమాలను పోల్చి చూశారు. స్త్రీ పురుషుల మధ్య అధికారం ఎవరిది, నిర్ణయం ఎవరిది అన్నది చర్చించిన కార్యక్రమాల్లో 80 శాతం గర్భాలనో సంక్రమణలనో తగ్గించాయి. ఆ చర్చ లేనివాటిలో 17 శాతమే తగ్గించాయి. కండోమ్ గురించి చెప్పినా, "వాడదాం" అనగలిగే స్థితి ఆ అమ్మాయికి ఉందా అన్నది మాట్లాడకపోతే పాఠం సగంలో ఆగినట్టే.

కౌమార_వైద్యం

పై జవాబుకు శరీరం వైపు నుంచి చేర్పు. నా ఉద్దేశంలో బడులు చేసే అతి పెద్ద పొరపాటు ఆలస్యం.

ఆడపిల్లల్లో మార్పులు 8–13 ఏళ్ల మధ్య ఎప్పుడైనా మొదలవుతాయి. మొదటి గుర్తు రొమ్ము మొగ్గ. తరచూ ఒకవైపే ముందు వస్తుంది, తాకితే నొప్పిగా ఉంటుంది, గడ్డేమోనని పిల్లలు భయపడతారు. అది కనిపించిన రెండు, రెండున్నర ఏళ్లకు మొదటి నెలసరి. పలు దేశాల్లో 1977 నుంచి 2013 వరకు జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, రొమ్ము మొగ్గ వచ్చే వయసు ప్రతి పదేళ్లకూ దాదాపు మూడు నెలలు తగ్గుతూ వచ్చింది. కాబట్టి నెలసరి పాఠం 13 ఏళ్లకు పెడితే తరగతిలో చాలామందికి అప్పటికే అయిపోయి ఉంటుంది. 9–10 ఏళ్లకే ఒక చిన్న పాఠం ఉండాలి. మీ పరిధి 11 నుంచి మొదలైతే అది మొదటి నెలలోనే పెట్టండి.

నెలసరి గురించి చెప్పేటప్పుడు "28 రోజులు" అని ఆపేయకండి. మొదటి రెండు మూడేళ్లలో చక్రం 21 నుంచి 45 రోజుల వరకు ఉండటం మామూలే, రక్తస్రావం ఏడు రోజుల లోపు. ప్యాడ్ నిండకపోయినా 4–6 గంటలకోసారి మార్చాలి. డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో గోడ మీద రాసి పెట్టేంత స్పష్టంగా చెప్పండి: గంట రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతున్నా, ఏడు రోజులు దాటినా, మూడు నెలల పాటు రాకపోయినా, నొప్పితో బడి మానాల్సి వస్తున్నా, 15 ఏళ్లు నిండినా మొదలవకపోయినా. "నొప్పి అందరికీ ఉంటుంది, ఓర్చుకో" అన్న మాట మాత్రం టీచరు నోట రాకూడదు. ఆ మాట విన్న పిల్లలు చికిత్స ఉన్న నొప్పిని ఏళ్లకేళ్లు మోస్తారు.

మొదటి నెలసరికి ముందే అండం విడుదల కావచ్చు కాబట్టి, అది రాకముందే గర్భం వచ్చే అవకాశం ఉంది. పాఠాల్లో ఈ సంగతి దాదాపు ఎప్పుడూ కనబడదు.

మగపిల్లల దగ్గరికి వస్తే, వాళ్లకు చెప్పేది సాధారణంగా గొంతు మారుతుంది, మీసం వస్తుంది, అంతే. అది అన్యాయం. మార్పులు 9–14 ఏళ్ల మధ్య మొదలవుతాయి, మొదటి గుర్తు వృషణాలు పెద్దవవడం. ఎత్తు పెరగడం ఆడపిల్లల కన్నా దాదాపు రెండేళ్లు ఆలస్యం, అందుకే ఆరు, ఏడు తరగతుల్లో పొట్టిగా ఉన్నామని బెంగపడతారు. దాదాపు సగం మందికి ఛాతీ దగ్గర కొంత వాపు వస్తుంది, ఎక్కువమందిలో ఆరు నెలల నుంచి రెండేళ్లలో దానంతటదే తగ్గిపోతుంది. ఇది ముందుగా చెప్పకపోతే చొక్కా విప్పాల్సి వస్తుందని ఆటలే మానేస్తారు. స్వప్నస్ఖలనం (నిద్రలో వీర్యం బయటికి రావడం) జబ్బు కాదు. హస్తప్రయోగం వల్ల బలహీనత, మతిమరుపు, మొటిమలు, పిల్లలు పుట్టకపోవడం, ఇవేవీ రావు. ఒక్కో పిల్లవాడు ఈ భయంతోనే నకిలీ మందుల వాళ్ల చేతిలో పడతాడు, కాబట్టి నసగకుండా సూటిగా చెప్పండి.

వృషణం మెలిపడటం గురించి తప్పకుండా చెప్పాలి. 12–18 ఏళ్ల మధ్య ఎక్కువ. ఒకవైపు ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి, తరచూ వాంతి, కొన్నిసార్లు నొప్పి పొత్తికడుపులోనే తెలుస్తుంది. 6 గంటల్లోపు శస్త్రచికిత్స జరిగితే వృషణం చాలావరకు దక్కుతుంది. 24 గంటలు దాటితే ఆశ తక్కువ. పిల్లలు దాన్ని పోగొట్టుకునేది చాలాసార్లు సిగ్గు వల్లే: "కడుపునొప్పి" అని చెప్పి రాత్రంతా పడుకుంటారు. "అక్కడ నొప్పి వస్తే రాత్రి రెండింటికైనా సరే పెద్దవాళ్లను లేపాలి" అని ప్రతి ఏడాదీ చెప్పండి.

14–15 ఏళ్ల వాళ్లకు గర్భనిరోధకాల పాఠంలో అంకెలు దాచకండి. కండోమ్‌ను ప్రతిసారీ సరిగ్గా వాడితే ఏడాదిలో వంద జంటల్లో ఇద్దరికి గర్భం వస్తుంది, మామూలుగా జనం వాడే తీరులో 13 మందికి వస్తుంది. ఆ తేడా ఎక్కడ పుడుతుందో చూపించడమే పాఠం. గడువు తేదీ చూడకపోవడం, పళ్లతో చింపడం, తిరగేసి తొడిగి మళ్లీ అదే వాడటం, చివర గాలి నొక్కకపోవడం, రబ్బరు కండోమ్‌కు నూనెలు పూయడం, రెండు ఒకేసారి వేసుకోవడం, మధ్యలో తొడగడం, బయటికి తీసేటప్పుడు అంచు పట్టుకోకపోవడం. ఈ తప్పులు లేకుండా సరిగ్గా వాడే దశలను విడివిడి కార్డుల మీద రాసి, కలిపేసి, పిల్లల చేత వరుసలో పెట్టించండి. కొయ్య నమూనా వాడటానికి అనుమతి లేనిచోట కూడా ఈ కార్డుల పద్ధతి నడుస్తుంది.

గడియారంతో ముడిపడినవి రెండున్నాయి. లెవోనార్జెస్ట్రెల్ అనే అత్యవసర గర్భనిరోధక మాత్ర కలయిక జరిగిన 72 గంటల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు, ఆల్రెడీ వచ్చిన గర్భాన్ని అది తీసేయదు. హెచ్‌ఐవీ సోకే ప్రమాదం జరిగితే నివారణ మందులు కూడా 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. లైంగిక దాడికి గురైన పిల్లలకు ఈ గడువు తెలియక అవకాశం చేజారుతుంది.

హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) టీకా గురించి ఒక మాట: సరైన వయసు 9–14, అంటే సంబంధాలు మొదలవడానికి చాలా ముందు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణమైన ఆ వైరస్ 16, 18 రకాలను ఇది అడ్డుకుంటుంది. తల్లిదండ్రుల సమావేశంలోనే చెప్పేయండి.

తరగతి_గది

ఇద్దరికీ ధన్యవాదాలు. వృషణం సంగతి మా పాత ఉపన్యాసంలో ఎక్కడా లేదు. కలిపి చెప్పాలా విడిగానా అన్నదానికి, పెట్టె గురించీ ఇంకా ఎవరూ చెప్పలేదు. పెట్టెలో ఎవరైనా తమ మీద జరుగుతున్న దాని గురించి రాస్తే ఏం చేయాలన్నది మా బృందంలో అందరి భయం.

బడి_కౌన్సిలర్

ఆ భయం సరైనదే. పెట్టె పెట్టకముందే దాని జవాబు సిద్ధంగా ఉండాలి.

ముందు పెట్టె. గది మూలన పెట్టి "ఎప్పుడైనా వేయండి" అంటే ఎవరూ వేయరు, వేస్తే మిగతావాళ్లు చూస్తారు. అందరికీ ఒకే సైజు కాగితం, ఒకే రంగు పెన్ను ఇవ్వండి. రెండు నిమిషాలు అందరూ రాయాలి. ప్రశ్న లేనివాళ్లు పాఠంలో నచ్చిన ఒక వాక్యం రాస్తారు, అప్పుడు ఎవరు ప్రశ్న రాశారో తెలియదు. మడిచి పెట్టెలో వేయించి, తరగతిలో విప్పకుండా తీసుకెళ్లండి. అప్పటికప్పుడు విప్పి చదవడం పెద్ద తప్పు: అందులో ఒక పిల్ల పేరు ఉండొచ్చు, బూతు ఉండొచ్చు, ఒక ఆక్రందన ఉండొచ్చు. అయితే అదే రోజు, పిల్లలు ఇళ్లకు వెళ్లకముందే అన్నీ చదవాలి.

చదివాక నాలుగు దొంతరలు చేయండి. విషయం అడిగినవి: సూటిగా, రెండు మూడు వాక్యాల్లో జవాబు. అభిప్రాయం అడిగినవి, అంటే "పెళ్లికి ముందు తప్పా?" లాంటివి: వేర్వేరు కుటుంబాలు వేర్వేరుగా నమ్ముతాయని చెప్పి, ఆ అభిప్రాయాలేమిటో న్యాయంగా వివరించి, ఇంట్లో అడగమనండి, మీ సొంత అభిప్రాయం వద్దు. మీ వ్యక్తిగత జీవితం గురించి అడిగినవి: "నా గురించి గానీ మీలో ఎవరి గురించి గానీ ఇక్కడ మాట్లాడం" అని మొదటి రోజు నియమాల్లోనే పెట్టండి. నాలుగోది ఆపద సూచించేవి. బూతుగా రాసినదాన్ని కూడా పారేయకండి, అందులో తరచూ నిజమైన ప్రశ్న ఉంటుంది. మర్యాద మాటల్లో తిరగరాసి చదివితే మళ్లీ అలా రాయడం తగ్గిపోతుంది.

ఆపద సూచించే కాగితం వచ్చినప్పుడు చేతిరాత పట్టి తరగతి అంతా వెతకొద్దు. తర్వాతి పీరియడ్‌లో పెట్టె జవాబులు చదువుతూ "ఒకరు తమకు ఎదురవుతున్న ఇబ్బంది రాశారు, మేం నమ్ముతున్నాం, తప్పు మీది కాదు, ఈ రోజు ఫలానా గదిలో ఫలానా వేళ నేనుంటాను" అనండి. ఆ ఇబ్బంది ఏమిటో మాత్రం చెప్పకండి. ప్రాణాపాయం కనబడితే మాత్రం ఆగకూడదు, అదే రోజు పిల్లల రక్షణ బాధ్యుల దాకా వెళ్లాలి. "ఎవరికీ చెప్పను" అని ఎప్పుడూ మాటివ్వకండి. "నీ భద్రతకు ఎవరికి అవసరమో వాళ్లకే చెబుతాను" అనండి, ఎందుకంటే నిలబెట్టుకోగలిగిన మాట అదొక్కటే.

పిల్ల వచ్చి చెబితే అడగాల్సినవి మూడే: ఏం జరిగింది, ఎవరు, ఇవాళ ఇంటికి వెళ్లడం క్షేమమేనా. "అతను ఇలా చేశాడా?" లాంటి జవాబు అందించే ప్రశ్నలు విచారణలో ఆ పిల్ల మాటనే బలహీనపరుస్తాయి. ఆమె మాటలు ఆమె వాడిన పదాల్లోనే, తేదీ, సమయం వేసి రాయండి. మళ్లీ మళ్లీ ఒక్కొక్క టీచరు ముందు చెప్పించకండి. ఆరోపణ ఇంట్లో మనిషి మీదైతే ఇంటికి ముందు ఫోన్ చేయకండి, ఆ ఫోన్ ఆమెను ఆ మనిషికి పట్టించినట్టవుతుంది. ఆరోపణ సహోద్యోగి మీదైతే అతన్ని మీరే నిలదీయడానికి వెళ్లొద్దు. మీ ప్రాంత చట్టం ప్రకారం ఎవరికి, ఎన్ని గంటల్లో తెలియజేయాలో కాగితం మీద రాసుకుని ఆ ఫోన్ నంబర్లతో సహా మొదటి తరగతికి ముందే టీచర్లందరికీ ఇవ్వండి.

సమ్మతి పాఠంలో అందరూ "వద్దు" అనడం నేర్పుతారు, వినడం నేర్పరు. నా దృష్టిలో రెండోదే ముఖ్యం. ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి చిన్న కోరికలతో మొదలుపెట్టండి: పుస్తకం ఇస్తావా, నీ ఫోన్ చూడనా, నీ ఫొటో తీయనా. ఒకరు వద్దంటారు. రెండోవాళ్లు కారణం అడగకుండా, బతిమాలకుండా, అలగకుండా "సరే" అని మాట మార్చాలి. పిల్లలకు ఇది ఎంత కష్టమో ఆ పది నిమిషాల్లో తెలుస్తుంది. అప్పుడు అసలు మాట చెప్పండి: మౌనం ఒప్పుకోలు కాదు, నిన్న ఒప్పుకున్నది ఇవాళ్టికి చెల్లదు, మధ్యలో మనసు మార్చుకోవచ్చు, మత్తులో ఉన్నవారు ఒప్పుకున్నట్టు కాదు. నటించే పాఠాల్లో తాకడం ఉండకూడదు, పీడించేవాడి పాత్ర ఏ పిల్లవాడికీ ఇవ్వకూడదు. తరగతి అయ్యాక ఆ పేరుతోనే పిలుస్తారు.

ఫోన్ గురించి: ఫొటో పంపొద్దని చెప్పి ఆపేస్తే, పంపేసిన పిల్లలకు మీ దగ్గర దారి లేకుండా పోతుంది. బెదిరింపు వచ్చిన రోజు ఏం చేయాలో నేర్పండి. డబ్బు కట్టొద్దు, ఇంకో ఫొటో పంపొద్దు, ఒకసారి ఇస్తే ఇంకా అడుగుతారు. సంభాషణ చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు, ఖాతా పేరు, లింకు దాచాలి, ఆ తర్వాత బ్లాక్ చేయాలి. ఆ యాప్‌లో ఫిర్యాదు, పెద్దవాళ్లకు కబురు, పోలీసు. డబ్బు కోసం చేసే ఇలాంటి బెదిరింపులకు 14–17 ఏళ్ల మగపిల్లలు ఎక్కువగా గురవుతున్నారు, అమ్మాయి పేరుతో వచ్చిన ఖాతా గంటల్లోనే బెదిరింపుగా మారుతుంది. కాబట్టి ఈ పాఠం ఆడపిల్లలకు మాత్రమే పెట్టకండి.

18 ఏళ్ల లోపు తీసిన చిత్రాల కోసం 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. చిత్రం ఫోన్ దాటి బయటికి వెళ్లదు. దాని నుంచి ఒక డిజిటల్ వేలిముద్ర లాంటిది తయారై అదొక్కటే వెళ్తుంది, ఆ సేవలో చేరిన వేదికలు దానితో పోల్చి ఆ చిత్రాన్ని తొలగిస్తాయి. పేరు చెప్పక్కర్లేదు. చేరని వేదికల్లోనూ, మూసి ఉన్న మెసేజ్‌లలోనూ ఇది పనిచేయదని కూడా చెప్పండి.

టీచర్లకు ఒక హెచ్చరిక. అలాంటి ఫొటో బయటపడితే ఆధారం కోసమని మీ ఫోన్‌లోకి పంపించుకోకండి, స్క్రీన్‌షాట్ తీయకండి, ఇతర టీచర్లకు చూపించకండి. మైనర్ల అలాంటి చిత్రాలు దగ్గర ఉంచుకోవడం, పంపడం చాలా దేశాల్లో నేరం, ఉద్దేశం మంచిదైనా సరే. ఫోన్ ఆఫ్ చేయించి, మీరు విన్నదీ గమనించినదీ రాసి, బాధ్యులకు అప్పగించండి.

పాఠ్య_ప్రణాళిక

కలిపి, విడిగా అన్న ప్రశ్నకు. కొందరు అంతా విడివిడిగానే ఉండాలంటారు, పిల్లలు నోరు విప్పుతారని. ఆ లాభం ఉంది. కానీ విడదీసినచోట దాదాపు ప్రతిసారీ మగపిల్లలకు నెలసరి పాఠం మాయమవుతుంది, ఆడపిల్లలకు స్వప్నస్ఖలనం మాయమవుతుంది. మొదటి రెండు శరీర పాఠాలు విడిగా, ఒకే స్లైడ్లతో, ఒకే మాటలతో చెప్పండి. మూడో పీరియడ్‌లో కలపండి. రెండు గుంపుల నుంచీ "వాళ్ల గురించి మాకు తెలుసుకోవాలనుంది" అనే కాగితాలు తీసుకుని, పేర్లు లేకుండా మీరే చదివి జవాబులివ్వండి. సంబంధాలు, సమ్మతి, ఆన్‌లైన్ పాఠాలన్నీ కలిపే. ఎదురుగా లేని మనిషితో మర్యాదగా మాట్లాడటం నేర్పలేం. ఆడపిల్లా మగపిల్లాడా అన్న విభజనలో తాము ఇమడలేదనుకునే పిల్లలు కూడా గదిలో ఉంటారు. "మీకు నచ్చిన గుంపులో కూర్చోవచ్చు" అని ముందురోజే అందరికీ ఒకేసారి చెబితే ఎవరినీ వేలెత్తి చూపినట్టు ఉండదు.

తల్లిదండ్రుల సమావేశం మొదటి తరగతికి రెండు వారాల ముందు పెట్టండి. వివరించడం కన్నా చూపించడం మేలు: స్లైడ్లు, కార్డులు, కొన్ని నమూనా ప్రశ్నలకు మీరిచ్చే జవాబులు బల్ల మీద పరచండి. ఊహించుకున్న పాఠం మీద వచ్చే అభ్యంతరాలు అసలు పాఠం చూశాక చాలావరకు తగ్గుతాయి.

ప్రత్యేక_బోధన

ఒక చిన్న చేర్పు, ఎందుకంటే ఈ పిల్లలను ప్రతిచోటా మరిచిపోతారు. మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్లపై లైంగిక దాడుల ముప్పు మిగతావాళ్ల కన్నా ఎక్కువ. వాళ్లనే ఈ పీరియడ్‌లో లైబ్రరీకి పంపించేస్తారు.

వాళ్లకు గీతల బొమ్మలు చాలవు. నిజమైన ప్యాడ్, నిజమైన లోదుస్తు ఇచ్చి అంటించడం చేయించాలి, ద్రవం కోసం రంగునీళ్లు వాడొచ్చు. ఒక పీరియడ్‌కు ఒకే విషయం, అదే వారంలో మళ్లీ అదే. "అపరిచితులు ప్రమాదం" అని నేర్పకండి, దాడి చేసేది ఎక్కువగా తెలిసినవాళ్లే. ఒకదాని చుట్టూ ఒకటి వలయాలు గీసి, ఏ వలయంలోని మనిషి ఏం చేయవచ్చో ఫొటోలతో అతికించండి: అమ్మ, సహాయకురాలు, బస్సు డ్రైవరు, డాక్టరు. స్నానానికి సాయం చేసే మనిషికి కూడా హద్దు ఉంటుందని విడిగా చెప్పాలి. శరీర భాగాల అసలు పేర్లు రాకపోతే జరిగింది చెప్పుకోలేరు, కాబట్టి ముద్దుపేర్లు వద్దు. మాట్లాడలేని పిల్లలు బొమ్మలు చూపించి చెప్పుకునే సంభాషణ బోర్డులో యోని, పురుషాంగం, "వద్దు", "నొప్పి", "చెప్పాలి" అనే గుర్తులు ఉన్నాయో లేదో ఇవాళే చూడండి. చాలా బోర్డుల్లో ఉండవు.

తరగతి_గది

చివరి ప్రశ్న. ఇది పనిచేసిందో లేదో ఎలా తెలుసుకోవాలి? పాఠం నచ్చిందా అని అడిగితే అందరూ నచ్చిందనే రాస్తారు.

పాఠ్య_ప్రణాళిక

నచ్చిందా అని అడగొద్దు. మొదటి తరగతికి ముందు పది ప్రశ్నల కాగితం ఇవ్వండి, పేరు లేకుండా. ముందూ తర్వాతా ఒకే పిల్లవాడి కాగితాలు కలపడానికి, తానే గుర్తుపెట్టుకోగల సంకేతం రాయించండి: అమ్మ పేరులో మొదటి అక్షరం, తాను పుట్టిన తేదీలో రోజు, ఇష్టమైన రంగు. మొత్తం పుట్టిన తేదీ అడిగితే ఎవరో తెలిసిపోతుంది.

పదిలో నాలుగు విషయ ప్రశ్నలు, నాలుగు సందర్భాలు, రెండు సాయం గురించి. సందర్భం ఇలా ఉండాలి: "స్నేహితుడు తనకు వచ్చిన ఒక అమ్మాయి ఫొటో నీకు పంపాడు. నువ్వు చేసే మొదటి పని ఏమిటి? రెండో పని?" సాయం ప్రశ్న ఇలా: "ఇబ్బంది వస్తే చెప్పగలిగే ఇద్దరు పెద్దవాళ్లను తలచుకో. ఎంతమంది దొరికారు? 0, 1, 2." పేర్లు రాయించకండి. అదే కాగితం చివరి తరగతి అయ్యాక ఒకసారి, మూడు నెలలకు మరోసారి.

విషయ ప్రశ్నల మార్కులు దాదాపు ఎప్పుడూ పెరుగుతాయి, వాటిని చూసి ఆగిపోకండి. సందర్భాల జవాబులు మారకపోతే ఆ 20 నిమిషాల సాధన సరిగ్గా జరగలేదని అర్థం, టీచరు దాన్ని ఉపన్యాసంతో నింపేసి ఉంటారు, వెళ్లి ఒక పీరియడ్ వెనక కూర్చుని చూడండి. సాయం ప్రశ్నలో 0 రాసినవాళ్లు ఉన్న తరగతికి కౌన్సిలరును రెండు పీరియడ్లు పంపి, తన గది ఎక్కడో, ఏ వేళల్లో ఉంటారో పిల్లలను అక్కడిదాకా నడిపించి చూపించమనండి. పెట్టెలోని ప్రశ్నలను కూడా నెలవారీగా దొంతరలు కట్టి లెక్క వేయండి. మొదట్లో అవయవాల గురించి వచ్చే ప్రశ్నలు తగ్గి "ఎలా చెప్పాలి", "ఎవరిని అడగాలి" అనేవి పెరుగుతున్నాయంటే పాఠం దిగుతోంది. కౌన్సిలరు దగ్గరికి వచ్చే పిల్లల సంఖ్య పెరిగితే యాజమాన్యం కంగారుపడుతుంది, సమస్యలు పెరిగాయని. కార్యక్రమం మొదలైన తొలి నెలల్లో ఆ సంఖ్య పెరగడం ఆశించినదేనని, అంతకుముందు చెప్పుకోలేనివాళ్లు ఇప్పుడు చెబుతున్నారని, ప్రణాళిక ఆమోదానికి పెట్టే రోజే రాతపూర్వకంగా ఇచ్చేయండి.